పరిగెత్తి కాలు నొప్పి తెచ్చుకున్నారా? ఎవరి దగ్గరికి వెళ్ళాలో మెట్టు మెట్టుగా చెప్తా

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో కదా, జూన్ దాటేసరికి మా రన్నింగ్ గ్రూపులో సగం మంది ఏదో ఒక కాలు పట్టుకుని మూలుగుతూ ఉంటారు, ప్రతి ఏడూ ఇదే తంతు. ఎవడో ఒకడు "మోకాలు పట్టేసింది, ఎవరికి చూపించాలి అన్నా?" అని మెసేజ్ పెడతాడు, పది నిమిషాల్లో పదిహేను సలహాలు వచ్చి పడతాయి. ఆర్థోకి చూపించు అని ఒకరు, ఆర్థో అయితే పరుగే మానెయ్యమంటాడు ఫిజియో దగ్గరికెళ్ళు అని ఇంకొకరు, కేరళ మసాజ్, ఒంటి మీద కప్పులు అంటించి చర్మాన్ని పైకి పీల్చే కప్పింగ్, పుత్తూరు కట్టు, మెడ టక్కున తిప్పేసే చైరోప్రాక్టర్ రీలు ఒకటి ఫార్వర్డు. పాపం అందరూ మంచికే చెప్తారు. కానీ నొప్పి సరిగ్గా ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి, ఏం చేస్తే వస్తోంది అని ఒక్కరంటే ఒక్కరు అడగరు.

నేను డాక్టర్ని కాదు, ఫిజియోని అంతకన్నా కాదు. కొండాపూర్‌లో ఉద్యోగం, పొద్దున్నే పరుగు, తొమ్మిదేళ్ళలో మూడు పెద్ద దెబ్బలు, అంతే నా అర్హత. మూడో దెబ్బకి గానీ ఎవరి పని ఏంటో నాకు తెలిసిరాలేదు. పోయిన డబ్బు సంగతి పక్కన పెట్టండి, పోయిన వారాలు మళ్ళీ రావు కదా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్తా, బయట బోర్డు మీద ఏం రాసుందనే దానికంటే లోపలికెళ్ళాక మీతో ఏం చేయిస్తారనేదే అసలు సంగతి.

మొదటి మెట్టు: ఎముకా కాదా అన్నది తేల్చుకోండి

థెరపిస్టుని వెతకడానికి ముందే ఇది తేలాలి. రన్నర్లకి వచ్చే నొప్పుల్లో చాలావరకు కండరానికో, కండరాన్ని ఎముకకి కలిపే తాడు లాంటి టెండన్‌కో, కీలు చుట్టూనో కొంచెం కొంచెంగా వాడకం ఎక్కువై వచ్చేవే, వాటికి రెండు రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. ఎముకలో సన్నటి పగులు, అదే స్ట్రెస్ ఫ్రాక్చర్, దానికి మాత్రం ఆలస్యం పనికిరాదు, దాని మీద పరిగెత్తుతూ పోతే పూర్తిగా విరిగే ప్రమాదం ఉంది.

ఎలా అనుమానించాలంటే, వేలితో ఎముక మీద నొక్కుకుంటూ పోతే ఒక్క చోట, రూపాయి బిళ్ళంత జాగాలో ప్రాణం పోయినట్టు ఉంటుంది. మామూలు షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఎక్కువై మోకాలి కింద ముందు ఎముక వెంబడి వచ్చే నొప్పి, అదయితే ఎముక లోపలి అంచు వెంబడి జానెడు పొడుగునా నొప్పి పరుచుకుని ఉంటుంది. రెండోది, కండరం నొప్పి అయితే ఒళ్ళు వేడెక్కాక కాస్త తగ్గుతుంది, ఎముక నొప్పి పరిగెత్తేకొద్దీ పెరుగుతుంది, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుంది. ఇట్లా ఉంటే మసాజ్ వద్దు, ఫిజియో కూడా తర్వాత, ముందు ఆర్థోకో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కో చూపించాలి. ఇంకో సంగతి, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ చాలాసార్లు కనపడదు. ఎక్స్‌రే నార్మల్ అనగానే ఎముక బాగుందని అర్థం కాదు, అనుమానం గట్టిగా ఉంటే ఎంఆర్ఐ దాకా పోవాల్సిందే.

నేను బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. కుడికాలు, మోకాలి కింద ముందు ఎముక. ఎక్స్‌రే బాగుంది కదా అని నాలుగు వారాలు రకరకాల చోట్ల తిరిగి, మధ్యలో "నెమ్మదిగానే కదా" అని 12 కిలోమీటర్లు కూడా పరిగెత్తి, చివరికి ఎంఆర్ఐ తీస్తే స్ట్రెస్ రియాక్షన్ అన్నారు, అంటే పగులుకి ముందు మెట్టు. ఆరు వారాలు పరుగు బంద్.

గజ్జలో లోతుగా నొప్పి ఉంటే మాత్రం ఇంకా జాగ్రత్త. తొడ ఎముక మెడ దగ్గర వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్ అలాగే గజ్జలో తెలుస్తుంది, అది ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది. యూట్యూబ్‌లో ఒంటికాలి మీద గెంతి చూసుకోండి అని చెప్తారే, గజ్జ నొప్పి ఉన్నవాళ్ళు ఇంట్లో ఆ పని చెయ్యొద్దు, నడవడం తగ్గించి డాక్టర్ దగ్గరికెళ్ళండి.

ఇంకొన్ని ఉన్నాయి, వీటికి థెరపిస్టు ఊసే వద్దు, నేరుగా ఆస్పత్రికే. ఒక పిక్క వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉండటం, అదీ లాంగ్ ఫ్లైటో బస్సు ప్రయాణమో చేశాక అయితే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, పిక్క పట్టేసిందని మసాజ్‌కి పోతే అసలుకే మోసం. పరిగెత్తుతుంటే మడమ వెనక ఎవరో తన్నినట్టు టప్‌మని శబ్దం వచ్చి, తర్వాత మునివేళ్ళ మీద లేవలేకపోతే అకిలిస్ టెండన్ తెగి ఉండొచ్చు. నడుంనొప్పితో పాటు తొడల మధ్య తిమ్మిరెక్కడం, మూత్రం మీద పట్టు తప్పడం. పెద్ద రేసు తర్వాత మూత్రం కోలా రంగులో రావడం. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వాయడం. వీటిల్లో ఏది ఉన్నా రేపు చూద్దాం అనుకోవద్దు.

రెండో మెట్టు: నొప్పి పుట్టుపూర్వోత్తరాలు రాసుకోండి

పెద్ద పనేం కాదు, ఒక కాగితం చాలు. నొప్పి ఎక్కడో పెన్నుతో కాలి మీదే చుట్టు గీసి ఫోటో తీసుకోండి, నవ్వకండి, క్లినిక్‌లో కూర్చున్నాక "ఇక్కడో ఎక్కడో అండీ" అని తడుముకునే బాధ తప్పుతుంది. ఎప్పుడు మొదలైంది, దానికి ముందు నాలుగు వారాల్లో ఏం మారింది. కొత్త బూట్లా, వారానికి 25 కిలోమీటర్ల నుంచి ఒక్కసారే 40కి ఎగబాకారా, స్పీడ్ వర్కవుట్లు మొదలెట్టారా, ట్రెడ్‌మిల్ నుంచి రోడ్డుకొచ్చారా, ఇంట్లో పెళ్ళి పనులతో నిద్ర లేదా. నూటికి తొంభై సార్లు దొంగ ఈ నాలుగు వారాల్లోనే దొరుకుతాడు, ఆ తొంభై నా లెక్కేలెండి, ఎవరూ తూచింది కాదు.

ఏవైనా మందులు వాడుతుంటే అవీ రాయండి. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఈ మధ్య వాడి ఉంటే తప్పకుండా చెప్పండి, ఆ రకం మందులకి టెండన్లని దెబ్బతీసే గుణం ఉంది. విరేచనాలయ్యాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేసి మర్చిపోతాం కదా, అదే.

మూడో మెట్టు: ఎవరెవరు ఏం చేస్తారు

ఆర్థోతో మొదలెడదాం. ఎంఎస్ ఆర్థో లేదా డీఎన్‌బీ ఆర్థో చేసినవాళ్ళు. ఎముక, లిగమెంటు తెగడం, మోకాలు లోపల మెత్తలా ఉండే మెనిస్కస్, స్కానింగ్ రాయడం, ఆపరేషన్ కావాలో వద్దో చెప్పడం, ఇవి వాళ్ళ పని, ఆపరేషన్ సంగతైతే ఇంకెవరూ తేల్చలేరు. కానీ ఓపీలో మన వెనక ముప్ఫై మంది కూర్చుని ఉంటారు, ఆ పది నిమిషాల్లో ఆయన మన ట్రైనింగ్ ప్లాన్ చూసి మళ్ళీ ఎప్పుడు పరిగెత్తాలో వారం వారీగా చెప్పాలంటే ఎట్లా కుదురుద్ది? "పరుగు మానెయ్యండి, ఈత కొట్టండి" అంటాడు, మనం బయటికొచ్చి తిట్టుకుంటాం. ఆయన దగ్గర అడగాల్సింది ఒకటే, "ఇది ఎముకా కాదా, ఆపరేషన్ పడే కేసా కాదా". అది తేలిందంటే ఫీజు గిట్టినట్టే.

స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ అంటే ఎంబీబీఎస్ తర్వాత స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఎండీయో డిప్లొమానో చేసినవాళ్ళు, పటియాలాలో ఉన్న జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కూడా ఈ కోర్సు ఉంది. ఆపరేషన్ చెయ్యరు, కానీ ఆటలాడేవాళ్ళ దెబ్బల్ని మొత్తంగా చూస్తారు. దొరికితే అదృష్టమే, మన దగ్గర వీళ్ళు తక్కువ. కొందరు ఆర్థోలు ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న గాటులోంచి కెమెరా పెట్టి కీలు లోపల చేసే సర్జరీ, అందులో ఫెలోషిప్ చేసి బోర్డు మీద స్పోర్ట్స్ మెడిసిన్ అని రాసుకుంటారు, వాళ్ళు మోకాలు, భుజం సర్జరీల్లో దిట్టలే, కానీ ఇది వేరు అది వేరు.

ఇక ఫిజియో. మనలో ఎక్కువమందికి చివరికి కావాల్సింది ఈ మనిషే. బీపీటీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగైదేళ్ళ ఫిజియోథెరపీ డిగ్రీ, దాని మీద ఎంపీటీ రెండేళ్ళు. ఆ ఎంపీటీ దేంట్లో చేశారన్నది చూడాలి. స్పోర్ట్స్ లేదా ఆర్థో, కొన్ని చోట్ల మస్క్యులోస్కెలిటల్ (కండరాలు, ఎముకలు) అని రాస్తారు, ఇవి మనకి పనికొచ్చేవి. న్యూరో అయితే పక్షవాతం వచ్చినవాళ్ళని నడిపించడంలో ఆరితేరి ఉంటారు, గొప్ప పని అది, కానీ మన అకిలిస్‌కి కాదు. అలాగని డిగ్రీయే సర్వస్వం కూడా కాదు, బీపీటీ చేసి పదేళ్ళుగా క్రికెటర్లనీ రన్నర్లనీ చూస్తున్న ఒకాయన దగ్గర నా స్నేహితుడికి బాగైంది.

ఫిజియోల్లో మళ్ళీ రెండు రకాలు, ఇది ఎవరూ చెప్పరు. మొదటి రకం మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి కరెంట్ పెట్టేవాళ్ళు. ఐఎఫ్‌టీ అనే కరెంట్ మిషన్ ఒక పావుగంట, అల్ట్రాసౌండ్ జెల్ రాసి ఐదు నిమిషాలు, మైనం, ఒక వేడి ప్యాక్, ఇంక రేపు రండి. పది సిట్టింగుల ప్యాకేజీ, ముందే కట్టించుకుంటారు. నేనూ కట్టా. హాయిగానే ఉంటుంది, నేనైతే రెండుసార్లు నిద్ర కూడా పోయా. నొప్పి కాస్త మొద్దుబారుతుంది, కానీ పరుగు బరువు మోయడానికి కాలికి కావాల్సిన బలం బల్ల మీద పడుకుంటే ఎక్కడి నుంచి వస్తుంది? రెండో రకం మిమ్మల్ని లేపి నిలబెట్టి, చెమట పట్టించి, ఇంటికి హోంవర్క్ ఇచ్చి పంపేవాళ్ళు. మనకి కావాల్సింది వీళ్ళు.

ఇది నా ఛాదస్తం కాదు. స్వీడన్‌లో హోకాన్ అల్‌ఫ్రెడ్‌సన్ అనే ఆర్థో సర్జన్ ఉన్నాడు, ఆయనకే అకిలిస్ నొప్పి. ఆపరేషన్ చెయ్యమంటే పైఅధికారి ఒప్పుకోలేదట, సరే అయితే దీన్ని తెంపేస్తే అప్పుడైనా చేస్తారుగా అని మొండిగా మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించే ఎక్సర్‌సైజు నొప్పి పుట్టేలా చేసుకుంటూ పోయాడు, తెగకపోగా నొప్పే తగ్గిపోయింది. తర్వాత 1998లో అకిలిస్ నొప్పి ఉన్న 15 మంది సరదా క్రీడాకారుల మీద చేసి పేపర్ రాశాడు. రెండు రకాల మడమ దింపుడు, ఒక్కోటి 15 సార్లు మూడు సెట్లు, రోజుకి రెండు పూటలు, 12 వారాలు. లెక్కేస్తే రోజుకి 180. ఇవాళ్టికీ ఫిజియోలు టెండన్లకి బరువు పెట్టించే పద్ధతి అక్కడి నుంచి పెరిగిందే, ఇప్పుడు రోజూ 180 చెయ్యక్కర్లేదు, వేరే తేలిక పద్ధతులొచ్చాయి, కానీ సూత్రం అదే.

మసాజ్ సంగతి. మంచి స్పోర్ట్స్ మసాజ్ అంటే నాకూ ఇష్టమే, లాంగ్ రన్ తర్వాత ఒళ్ళు తేలికవుతుంది. ఒళ్ళు బిగుసుకుపోతే మసాజ్, దెబ్బ తగిలితే మాత్రం కాదు. ముఖ్యంగా కండరం చిరిగిన మొదటి రెండు మూడు రోజుల్లో, ఎముక అనుమానం ఉన్నప్పుడు గట్టిగా పిసికించుకోవద్దు. ఆయుర్వేద అభ్యంగనానికీ ఇదే మాట. కప్పింగ్ కూడా అంతే, 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు ఫెల్ప్స్ వీపు మీద ఆ ఎర్ర మచ్చలు చూశాక మన దగ్గరా ఊపందుకుంది, తాత్కాలికంగా హాయి అంతే.

పుత్తూరు కట్టు గురించి అడక్కుండా మన జిల్లాల వాళ్ళు వదలరు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ చుట్టి కట్టడం, తరతరాల పేరున్న విద్య, మా తాతయ్య చెయ్యి విరిగితే అక్కడే కట్టించారు. ఆ విద్య పుట్టింది విరిగిన ఎముకని కదలకుండా ఉంచడానికి. రన్నర్ నొప్పుల్లో ఎక్కువ వాటికి కదలకుండా కట్టేయడం పనికిరాకపోగా చేటు, కండరం కరిగిపోతుంది. నిజంగానే విరిగిందేమో అనుకుంటే స్కానింగ్ లేకుండా ఏ కట్టూ వద్దు.

చైరోప్రాక్టర్ల మీద నాకు కొంచెం చిరాకు ఉంది, ముందే ఒప్పుకుంటున్నా. అమెరికాలో వాళ్ళకి ప్రత్యేకం డిగ్రీ, లైసెన్సు ఉంటాయి, అక్కడి సంగతి వేరు. మన దేశంలో దానికంటూ ఒక కౌన్సిలూ రిజిస్ట్రేషనూ లేదు, ఎవరు ఎక్కడ నేర్చుకున్నారో మనమే కనుక్కోవాలి. టక్‌మనే శబ్దం రీలుకి బాగుంటుంది, మోకాలిచిప్ప నొప్పికి మెడ తిప్పడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మెడ జోలికి మాత్రం అస్సలు పోనివ్వకండి.

సూదుల్లో డ్రై నీడిలింగ్ వేరు, చైనా సూదుల వైద్యం ఆక్యుపంక్చర్ వేరు. మొదటిది కొందరు ఫిజియోలు బిగుసుకున్న కండరంలో గుచ్చేది, ఎక్సర్‌సైజులకి తోడుగా అయితే సరే, అదొక్కటే వైద్యం అంటే ఊరుకోవద్దు.

ఆర్థోటిస్టులు బూటు లోపల పెట్టుకునే ఇన్‌సోల్స్ చేస్తారు, వీళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబర్ అడగొచ్చు. పాదాల డాక్టర్, పోడియాట్రిస్ట్ అనేవాళ్ళు మన దగ్గర ఎక్కువగా షుగర్ పేషెంట్ల పాదాలే చూస్తారు. చదును పాదం ఉంది కాబట్టి వేలు పోసి ఇన్‌సోల్ చేయించాల్సిందే అని షాపులో మిషన్ మీద నిలబెట్టి చెప్తే వెంటనే కార్డు తియ్యకండి, చదును పాదాలతో ఏ బాధా లేకుండా పరిగెత్తేవాళ్ళు బోలెడుమంది. ముందు ఫిజియో కావాలనాలి, అప్పుడు ఆర్థోటిస్ట్.

ఇంకొకరు డైటీషియన్, ఈ పేరు వినగానే కాలి నొప్పికీ తిండికీ ఏంటి సంబంధం అంటారు. ఎముక దెబ్బ రెండోసారి వచ్చిందంటే ముందు వెళ్ళాల్సిన చోట్లలో ఇదొకటి. పరుగు పెంచి తిండి పెంచకపోతే ఎముక బలహీనమవుతుంది, 2014లో ఒలింపిక్ కమిటీ వాళ్ళు దీనికి రెడ్-ఎస్ (ఆటకి సరిపడా శక్తి తిండిలోంచి అందకపోవడం) అని పేరు కూడా పెట్టారు. ఆడవాళ్ళకి పీరియడ్స్ క్రమం తప్పడమో ఆగిపోవడమో జరిగితే బరువు తగ్గా కదా అని సంతోషపడొద్దు, అది గట్టి హెచ్చరిక, గైనకాలజిస్టుకో స్పోర్ట్స్ డాక్టర్‌కో చెప్పండి. మగవాళ్ళకీ ఇది వస్తుంది, మనం పసిగట్టం అంతే. విటమిన్ డి కూడా చూపించుకోండి, ఏసీ ఆఫీసుల్లో పగలంతా కూర్చుని తెల్లారకముందే పరిగెత్తేవాళ్ళం కదా మనం.

నాలుగో మెట్టు: మీ నొప్పికి ఎవరు

మోకాలిచిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే, సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుంటే ఎక్కువవుతుంది అంటే అది రన్నర్స్ నీ, అంటే పరిగెత్తేవాళ్ళకి వచ్చే మోకాలి నొప్పి. నేరుగా ఫిజియో దగ్గరికే, తుంటి, తొడ కండరాలకి బలం పెట్టించేవాళ్ళయితే చాలు. మోకాలు మెలిక పడి కొద్ది గంటల్లో వాచినా, మధ్యలో తాళం వేసినట్టు ఇరుక్కుపోతున్నా ఆర్థో.

మోకాలి బయటి పక్కన, కొంత దూరం పరిగెత్తాక కచ్చితంగా అదే చోట మంట, ఫ్లైఓవర్ దిగేటప్పుడు మరీనూ, అది ఐటీ బ్యాండ్, అంటే తొడ బయటి పక్క తుంటి నుంచి మోకాలి దాకా ఉండే పట్టీ. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఆ ఎత్తుపల్లాల్లో ట్రైనింగ్ చేసేవాళ్ళకి బాగా పరిచయం. ఫిజియోనే, అదీ మీ పరుగు చూసే ఫిజియో, ఒక్కోసారి అడుగు కాస్త చిన్నది చేస్తేనే సగం తగ్గుద్ది.

పొద్దున మంచం దిగి మొదటి పది అడుగులు మడమ కింద మేకు గుచ్చినట్టుంటే ప్లాంటార్ ఫాసియైటిస్, అంటే అరికాలి పట్టీ నొప్పి. ఫిజియో, ఓపిక, ఇంట్లో కూడా చెప్పులు. నెలలు గడిచినా తగ్గకపోతే డాక్టర్‌తో షాక్‌వేవ్ (మిషన్‌తో నొప్పి ఉన్న చోట తరంగాలు కొట్టించే వైద్యం) గురించి మాట్లాడొచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తొందరపడి వేయించుకోవద్దు, అకిలిస్ దగ్గరైతే అసలే వద్దు, టెండన్ తెగే ప్రమాదం ఉంది. అకిలిస్ నొప్పికి ఫిజియో, మూడు నెలలు పడుతుందని ముందే మనసుకి చెప్పుకోండి. తొడ వెనక హామ్‌స్ట్రింగ్ పరుగు మధ్యలో చటుక్కున పట్టేసి నల్లగా కమిలిపోతే ముందు డాక్టర్, తర్వాత ఫిజియో. కాలి కింది దాకా జివ్వుమని లాగుతూ తిమ్మిర్లొస్తే అది కాలిది కాదు, నడుం వైపు చూసేవాళ్ళు కావాలి.

ఐదో మెట్టు: వెళ్ళేముందు ఫోన్ చెయ్యండి

రిసెప్షన్ వాళ్ళకి చెప్పి ఫిజియోతో రెండు నిమిషాలు మాట్లాడిస్తారా అని అడగండి, చాలామంది మాట్లాడతారు. నేను అడిగేవి ఇవి: నెలలో ఎంతమంది రన్నర్లని చూస్తారు? మొదటి విజిట్ ఎంతసేపు? సెషన్ మొత్తం మీరే ఉంటారా లేక మిషన్ పెట్టి వెళ్ళిపోతారా? నేను పరిగెత్తడం చూస్తారా? ఇంటికి ఎక్సర్‌సైజులు రాసిస్తారా?

మొదటి విజిట్ 45 నిమిషాలు, గంట అన్నారంటే మంచి గుర్తు. "ముందు రండి, పది సిట్టింగుల్లో గ్యారంటీగా తగ్గిస్తాం" అన్నారంటే పెట్టేయండి. కాలు చూడకుండా గ్యారంటీ ఏంటండీ, వాషింగ్ మిషనా?

ఆరో మెట్టు: మొదటి విజిట్‌లో ఏం జరగాలి

మంచి ఫిజియో ఎట్లా ఉంటారో నాకు మూడో క్లినిక్‌లో తెలిసింది. చిన్న గది, మిషన్లు దాదాపు లేవు, మూల ఒక ట్రెడ్‌మిల్, గోడకి రెండు డంబెల్సు. మేడమ్‌కి ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. ఇరవై నిమిషాలు నా కాలు ముట్టుకోలేదు, ప్రశ్నలే. నా వాచీ యాప్ తీసి మూడు నెలల పరుగులు వేలితో కిందికి లాగుతూ చూశారు, ఏప్రిల్ దగ్గర ఆగి "ఇక్కడ ఒకే వారంలో 18 కిలోమీటర్లు పెంచారు, ఎందుకు సర్?" అన్నారు. ఫ్రెండ్‌తో పందెం అని చెప్పడానికి సిగ్గేసి వాతావరణం బాగుందని అన్నా.

తర్వాత బొటనవేలితో ఎముక వెంబడి చీలమండ నుంచి పైకి అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చారు, ఒక చోట నేను కుర్చీలోంచి లేచా. అక్కడ పెన్నుతో చుక్క పెట్టారు. రెండు వేళ్ళు పైకి, ఏం లేదు. రెండు వేళ్ళు కిందికి, ఏం లేదు. మళ్ళీ చుక్క మీద, మళ్ళీ లేచా. "ఇది నా చేతిలో పని కాదు సర్, ముందు ఎంఆర్ఐ తీయించండి, ఇవాళ ఎక్సర్‌సైజులేం వద్దు" అని ఆర్థోకి చీటీ రాసిచ్చి పంపించేశారు. అప్పటిదాకా నన్ను చూసిన ఎవరూ ఇది నా పని కాదు అనలేదు, ఆ మాటతోనే ఈవిడ నా ఫిజియో అని నాకు ఖాయమైపోయింది.

ఆరు వారాల తర్వాత ఆర్థో సరే అన్నాక మళ్ళీ ఆవిడ దగ్గరికే. గోడ పట్టుకుని ఒంటికాలి మీద మడమ ఎత్తి దించమన్నారు, ఎడమ కాలు 24 సార్లు చేసింది, కుడి కాలు 11 దగ్గర వణికి ఆగిపోయింది. ఆ రెండు అంకెలు కాగితం మీద రాసి "ఈ రెండూ ఒకటయ్యే దాకా స్పీడ్ వర్కవుట్ మాట ఎత్తొద్దు" అన్నారు. నొప్పి తగ్గిందా లేదా అనే కొలతే తెలుసు నాకు అప్పటిదాకా.

మీ మొదటి విజిట్‌లో కూడా ఇట్లాంటివి చూడండి. రెండు కాళ్ళూ పోల్చాలి, ఏదో ఒకటి లెక్కపెట్టి రాసుకోవాలి, ఏమైందో మీకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి, సుమారు ఎన్ని వారాలో చెప్పాలి, ఏది చెయ్యొచ్చు ఏది కూడదు చెప్పాలి. పూర్తిగా పడుకో అనడం కూడా పాత కాలం మాటే, చాలా నొప్పులకి కొంచెం కొంచెం పరిగెత్తనిస్తూనే బాగుచేస్తారు. నొప్పికి పదికి ఎంత మార్కులు వేస్తారని అడుగుతారు, మూడు లోపు ఉండి మర్నాడు పొద్దుటికి పెరగకుండా ఉంటే కానివ్వమంటారు. ఎముక దెబ్బకి ఈ లెక్క వర్తించదు, దానికి నొప్పి సున్నా ఉండాల్సిందే.

ఏడో మెట్టు: ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు మారాలి

వారానికి ఒకసారో పది రోజులకొకసారో వెళ్ళి, మిగతాది ఇంట్లో చేసుకుంటే చాలావాటికి సరిపోతుంది. రోజూ రమ్మంటే ఎందుకని అడగండి, ఆపరేషన్ తర్వాతి కేసులకి అవసరం ఉండొచ్చు, మామూలు రన్నర్స్ నీకి రోజూ ఎందుకు? ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టకండి, రెండు మూడు సెషన్లు విడివిడిగా కట్టి చూడండి. మన హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీల్లో చాలావాటికి ఓపీ ఫిజియో ఖర్చు రాదు, మీది ఒకసారి చదువుకోండి.

ఇంట్లో చెప్పినవన్నీ చేస్తూ కూడా నాలుగు నుంచి ఆరు వారాల్లో ఏ అంకే కదలకపోతే, అంటే నొప్పి లేకుండా నడిచే దూరమో, మడమ ఎత్తే లెక్కో, అప్పుడు కూర్చుని మాట్లాడాలి. "ఇంకెవరికైనా చూపించాలా?" అని అడగండి. మంచివాళ్ళు నొచ్చుకోరు, వాళ్ళే పేరు చెప్తారు. కానీ ఎక్సర్‌సైజులు వారానికి రెండుసార్లు అరకొరగా చేసి ఫిజియో మంచిది కాదు అని మార్చేసేవాళ్ళు మన గ్రూపుల్లో చాలామందే, నేనూ ఒకప్పుడు ఆ జాతే.

చిన్న ఊళ్ళో ఉంటే, ఖర్చు భారం అనుకుంటే పెద్ద ప్రభుత్వ, ట్రస్టు ఆస్పత్రులు మర్చిపోకండి. పంజాగుట్ట నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, ఎముకలకైతే తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ బర్డ్. క్యూ ఉంటుంది, రోగం తేల్చుకోవడానికి మాత్రం బాగుంటుంది. ఒకసారి తేలాక వీడియో కాల్‌లో స్పోర్ట్స్ ఫిజియోతో ఎక్సర్‌సైజులు నడిపించుకోవచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి అన్ని రాష్ట్రాల్లోనూ ఏదో ఒక మేర డాక్టర్ చీటీ లేకుండానే ఫిజికల్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళే వీలుంది, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా అన్నది వేరే కనుక్కోవాలి, పేరు వెనక ఎస్‌సీఎస్ అని ఉంటే స్పోర్ట్స్‌లో బోర్డ్ సర్టిఫికెట్ ఉన్నట్టు. యూకేలో అయితే ఫిజియోలు నమోదు చేసుకునే సంస్థ హెచ్‌సీపీసీ రిజిస్టర్‌లో పేరు వెతకండి, అందులో లేకుండా ఫిజియోథెరపిస్ట్ అని చెప్పుకోవడం అక్కడ నేరం.

ఇంక వెళ్ళే రోజు సంగతి. పాత రన్నింగ్ బూట్లు, అరిగినవే, కడక్కుండా అలాగే పట్టుకెళ్ళండి, ఎక్కడ అరిగిందో చూస్తారు. వాచీ డేటా, స్కానింగ్ ఫిల్ములు, ఆ కాలి ఫోటో. రెండు రోజుల నుంచి పెయిన్ కిల్లర్ వేసుకుంటూ ఉంటే ఆ ముక్క చెప్పండి, లేకపోతే నొక్కినప్పుడు నొప్పి సరిగ్గా తెలీదు. షార్ట్స్ వేసుకెళ్ళండి, ఆడవాళ్ళయితే మోకాలి పైకి మడిచే వీలున్న వదులు ట్రాక్ ప్యాంటు. నేను ఆఫీసు నుంచి నేరుగా టైట్ జీన్స్‌తో వెళ్ళి, ప్యాంటు మోకాలు దాటక, చివరికి పక్కనున్న షాపులో 250 పెట్టి లాగు కొనుక్కొచ్చి అపాయింట్‌మెంట్‌లో పావుగంట పోగొట్టుకున్నా, ఆ లాగు ఇప్పటికీ జిమ్ బ్యాగులో అలాగే ఉంది.